సున్నా పాయింట్ నాలుగు

మొయినాబాద్ మండలంలో ఎంకపల్లి పెద్ద ఊరేం కాదు. అయినా భాస్కర్ మెడికల్ కాలేజీకి ఉత్తరం రాయాలంటే చిరునామాలో ఈ ఊరి పేరే రాయాలి. జె.బి. ఇంజనీరింగ్ కాలేజీకైనా అంతే. తెల్లవారకముందు ఈ చుట్టుపక్కల పొలాల నుంచి పూలు, కూరగాయలు గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోతాయి. తెల్లారాక నగరం నుంచి కాలేజీ బస్సులు ఇటు వస్తాయి. ఈ పక్క జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతి చదివే అమ్మాయి ఆ కాలేజీల గేటు దాకా నడిచి పోగలదు. గేటు లోపలికి మాత్రం నడక పనికిరాదు. ఒకదానికి నీట్ ర్యాంకు కావాలి, ఇంకోదానికి ఎప్‌సెట్ ర్యాంకు కావాలి. ఆ ర్యాంకులు పది అయిపోయిన తర్వాతి రెండేళ్లలో తయారవుతాయి. ఆ రెండేళ్లు ఎలా గడుస్తాయన్నది ఇంట్లో ఎంత డబ్బుందో, పొద్దున ఐదింటి నుంచి రాత్రి పదింటి దాకా స్టడీ అవర్లు నడిపే కార్పొరేట్ కాలేజీ ఫీజు కట్టే శక్తి ఉందో లేదో, దాన్ని బట్టి ఉంటుంది.

ఆ కాలేజీల మీద ఫిర్యాదుగా ఈ మాట అనడం లేదు. దేశమంతా నడిచే పద్ధతే అక్కడా నడుస్తోంది. నేను చెప్పదలచుకున్నది ఇక్కడికి రెండు వందల కిలోమీటర్ల పైన, గోదావరి ఒడ్డున, బాసరలో ఉన్న ఇంకో గేటు గురించి. మన అమ్మాయి అక్కడికి పోవాలంటే సికింద్రాబాద్‌లో రైలెక్కాలి, నిజామాబాద్ దాటాలి. అయినా నడిచిపోయే దూరంలోని గేట్ల కంటే ఆ గేటే ఆమెకు దగ్గర. అది యాదృచ్ఛికంగా అలా కుదరలేదు. కొందరు కూర్చుని, కొలిచి, లెక్క కట్టి దాన్ని అలా చేశారు. విశ్వవిద్యాలయాల్లో సైన్సు, ఇంజనీరింగు చదువులు అందరివీ కావాలని ఉపన్యాసాలు చాలా విన్నాం. ఇక్కడ ఉపన్యాసం పక్కన పెట్టి పని ఎలా చేశారో చూద్దాం.

2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఒక చట్టం చేసింది. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రి. రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం పేరుతో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో మూడు క్యాంపస్‌లు తెరిచారు. ఆ పొడుగు పేరు ఎవరి నోటా నిలవలేదు. జనానికి అవి ట్రిపుల్ ఐటీలు. మొదటి ఛాన్సలర్ రాజ్ రెడ్డి. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టి, గిండీలో ఇంజనీరింగ్ చదివి, ఆస్ట్రేలియా మీదుగా స్టాన్‌ఫర్డ్ చేరి, 1966లో జాన్ మెకార్తీ దగ్గర పీహెచ్‌డీ పూర్తి చేసినవారు. కంప్యూటర్ శాస్త్రంలో అన్నిటికంటే పెద్దదైన ట్యూరింగ్ పురస్కారం 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి అందుకున్నారు. వాళ్ల ఇంట్లో కాలేజీ మొహం చూసిన మొదటి మనిషి ఆయనే. ఈ చివరి వాక్యాన్ని జీవిత చరిత్రల్లో అలంకారంగా రాస్తుంటారు గానీ, బాసర ప్రవేశాల నిబంధనలు చదువుతుంటే దాన్ని అలంకారం అనుకోలేం. పల్లెటూరి పిల్లాడి చదువు సరిగ్గా ఏ మలుపులో ఆగిపోతుందో తెలిసినవాళ్లు రాసిన నిబంధనలవి.

ఆ మలుపు ఇంటర్మీడియట్. పదో తరగతి దాకా జిల్లా పరిషత్ బడి పిల్లలు, ప్రైవేటు బడి పిల్లలు ఒకే పరీక్ష రాస్తారు, ఒకే పుస్తకం చదువుతారు. తేడా ఉంటుంది, కానీ అది పూడ్చలేనిది కాదు. ఇంటర్‌లో రెండు దారులు విడిపోతాయి. ఒకటి కోచింగ్ దారి. రెండోది ప్రభుత్వ జూనియర్ కాలేజీ దారి, అందులో లెక్చరర్లు ఒక ఏడు ఉంటారు, ఇంకో ఏడు ఉండరు. రెండేళ్ల తర్వాత ప్రవేశ పరీక్ష పెట్టి ఈ ఇద్దరినీ ఒకే కొలతతో కొలిస్తే, ఎవరికి ఎంత తెలుసో కొంతే తెలుస్తుంది, ఎవరి తల్లిదండ్రులు ఎంత ఖర్చుపెట్టారో చాలా తెలుస్తుంది. ట్రిపుల్ ఐటీ చేసిన మొదటి పని కొలిచే చోటును రెండేళ్లు ముందుకు జరపడం. పదో తరగతి ఫలితాల మీదే ప్రవేశం. వేరే పరీక్ష లేదు. చేరిన పిల్లలకు ఆరేళ్ల చదువు: మొదటి రెండేళ్లు పీయూసీ, అంటే ఇంటర్‌కు సమానం, తర్వాత నాలుగేళ్లు బీటెక్. మధ్యలో ఎప్‌సెట్ లేదు, కౌన్సెలింగ్ లేదు. పీయూసీలో తెచ్చుకున్న గ్రేడు బ్రాంచిని తేలుస్తుంది, సీటు మాత్రం ఎక్కడికీ పోదు. ఆ రెండేళ్ల భారాన్ని కుటుంబం నెత్తి మీద నుంచి దించి విశ్వవిద్యాలయం తన నెత్తిన వేసుకుంది.

ఇంతవరకు అర్థం చేసుకోవడం తేలికే. అసలు పనితనం తర్వాతి నిబంధనలో ఉంది. ప్రభుత్వ, జిల్లా పరిషత్, మున్సిపల్ బడుల్లో, అదీ హాస్టల్ లేని బడుల్లో చదివిన పిల్లలకు 2024 దాకా పదో తరగతి జీపీఏకు 0.4 కలిపేవాళ్లు. దాన్ని డిప్రివేషన్ స్కోరు అంటారు. నోటిఫికేషన్‌లో ఇది ఒక్క వాక్యం. చాలామంది దాన్ని చదివి, పేద పిల్లలకు కాస్త ఊతం ఇచ్చారులే అనుకుని ముందుకు పోతారు. కాగితం, పెన్ను తీసుకుని కూర్చుంటే కథ వేరుగా ఉంటుంది.

గ్రేడ్ల కాలంలో పదో తరగతిలో ఆరు సబ్జెక్టులు. 91 నుంచి 100 దాకా మార్కులొస్తే ఏ1, పది పాయింట్లు. 81 నుంచి 90 దాకా ఏ2, తొమ్మిది పాయింట్లు. హిందీకి కాస్త సడలింపు. ఆరింటి సగటే జీపీఏ. అన్నిట్లో ఏ1 వస్తే 10. ఒక్క సబ్జెక్టులో ఒక గ్రేడు జారితే 59ని ఆరుతో భాగించాలి, 9.8. రెండింట్లో జారితే 9.7. మూడింట్లో జారితే 9.5. జీపీఏ మెట్లు మెట్లుగా దిగుతుంది, మధ్యలో నిలబడే చోటు లేదు. ఇప్పుడు 0.4 కలపండి. రెండు సబ్జెక్టుల్లో జారిన సర్కారు బడి పిల్ల 10.1 దగ్గర నిలుస్తుంది, ప్రైవేటు బడిలో పదికి పది తెచ్చుకున్న పిల్ల కంటే ముందు. మూడు సబ్జెక్టుల్లో జారితే 9.9, ఆ పిల్ల కంటే వెనక.

అంటే ఈ చిన్న అంకె సరిగ్గా రెండు సబ్జెక్టులను మన్నిస్తుంది. ఇంగ్లీషు టీచరు పోస్టు ఏడాది పొడుగునా ఖాళీగా ఉన్న బడి ఒకటి ఊహించుకోండి, ఊహించడం కష్టమేం కాదు. ఫిజిక్స్ చెప్పే సారు డెప్యుటేషన్ మీద వెళ్లిపోయిన బడి ఇంకోటి. బడి లోపం వల్ల పిల్ల ఒకటి రెండు చోట్ల జారిందనుకుంటే దాన్ని 0.4 సరిచేస్తుంది. మూడో చోట కూడా జారితే ఇక పిల్ల లెక్కే. ఇంకో సంగతి. 0.4 బదులు 0.3 కలిపి ఉంటే 9.7 పిల్ల సరిగ్గా 10 దగ్గర ఆగి, ప్రైవేటు బడి పిల్లతో సమానమయ్యేది. సమానమైతే టై తెంచే వరుస మొదలవుతుంది. ముందు లెక్కల గ్రేడు, తర్వాత సైన్సు, ఇంగ్లీషు, సోషల్, మాతృభాష, ఆ తర్వాత వయసు. లెక్కల్లోనో సైన్సులోనో జారిన పిల్ల ఆ వరుసలో ఓడిపోతుంది, ఇచ్చిన 0.3 వృథా. 0.5 కలిపి ఉంటే 9.5 పిల్ల వచ్చి అదే టైలో ఇరుక్కునేది. పై మెట్టు దగ్గర ఎవరికీ టై పడకుండా, గీత ఖచ్చితంగా రెండో సబ్జెక్టుకు మూడో సబ్జెక్టుకు మధ్య పడే అంకె 0.4.

గొడ్డలి కామ వదులైతే వడ్రంగి కన్నంలో చీల కొడతాడు. లావైతే కామ పగులుతుంది, సన్నగా ఉంటే రెండు దెబ్బలకు ఊడి వస్తుంది. 0.4 అలాంటి చీల.

దీన్ని జిల్లాకో కుటుంబ ఆదాయానికో కట్టకుండా బడికి కట్టడం కూడా గమనించాలి. ఢిల్లీలో జేఎన్‌యూ చాలా ఏళ్లు వెనకబడిన జిల్లాల నుంచి వచ్చినవాళ్లకు, ఆడవాళ్లకు ప్రవేశాల్లో అదనపు పాయింట్లు ఇచ్చింది. మంచి ఆలోచనే, కానీ ఆ పద్ధతిని రంగారెడ్డి జిల్లాకు తెస్తే ఏమవుతుంది? కోకాపేట రంగారెడ్డి జిల్లాలోనే ఉంది. 2023 ఆగస్టులో అక్కడ వేలంలో ఎకరం ధర వంద కోట్లు దాటింది. ఎంకపల్లి కూడా అదే జిల్లా. రెండు ఊళ్లనూ కలిపి ఒక జిల్లాగా కొలిస్తే ఆ సగటుకు అర్థం ఉండదు. ఇక ఆదాయ ధ్రువపత్రం సంగతి మీసేవ కౌంటర్ దగ్గర నిలబడ్డ ఎవరినడిగినా చెప్తారు. బడి మాత్రం అబద్ధమాడదు. ఐదేళ్లు ఏ బడిలో చదివారో స్టడీ సర్టిఫికెట్‌లో ఉంటుంది. 0.4 కోసం పిల్లను కార్పొరేట్ స్కూలు మాన్పించి జిల్లా పరిషత్ స్కూల్లో చేర్చే తండ్రి ఎవరైనా ఉంటే, ఆయన వల్ల ఆ బడికి మేలే.

కులాల వారీ రిజర్వేషన్లు, స్థానికుల కోటా దీనికి విడిగా ఉన్నాయి. 0.4 ఆ ప్రతి వరుస లోపలా పనిచేసేది. బీసీ వరుసలో ప్రైవేటు బడి బీసీకి, సర్కారు బడి బీసీకి మధ్య, ఎస్సీ వరుసలో అదే విధంగా. రిజర్వేషన్ చేరలేని సందులోకి ఇది చేరేది. నాకు ఒకే ఒక్క చోట పేచీ. హాస్టల్ ఉన్న బడులను పక్కన పెట్టడం. గురుకులంలో చదివే పిల్లకు స్టడీ అవర్లు, వార్డెన్, లైబ్రరీ ఉంటాయి కాబట్టి ఆమెకు అంత లోటు లేదన్నది వాదన. కొన్ని గురుకులాలకు అది నిజం. అన్నిటికీ కాదు. ఇళ్లలో చదువుకునే వీలు అసలు లేని పిల్లలే అక్కడికి పోతారన్నది ఆ లెక్కలోకి రాలేదు.

ఇలాంటి లెక్కే ప్రపంచానికి అవతలి కొసన ఇంకొకరు కట్టారు. టెక్సస్ రాష్ట్రంలో మెక్సికో మూలాలున్న, ఇంట్లో స్పానిష్ మాట్లాడే కుటుంబాలు చాలా ఎక్కువ. అక్కడ వాళ్లను హిస్పానిక్ అంటారు. ఆస్టిన్‌లోని రాష్ట్ర విశ్వవిద్యాలయం సైన్సు తరగతుల్లో మాత్రం వాళ్ల పిల్లలు జనాభాలో ఉన్నంతగా కనిపించేవాళ్లు కాదు. 1996లో హాప్‌వుడ్ కేసులో ఫెడరల్ అప్పీలు కోర్టు, ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోకూడదని తీర్పు చెప్పింది. ఉన్న కాస్త దారీ మూసుకుపోయింది. మరుసటి ఏడాది, 1997లో, ఇర్మా రాంజెల్ అనే శాసనసభ్యురాలు ఒక బిల్లు నెగ్గించింది. టెక్సస్ శాసనసభకు ఎన్నికైన మొదటి మెక్సికన్ అమెరికన్ మహిళ ఆమె. ఆ చట్టంలో జాతి మాట లేదు, ఆదాయం మాట లేదు. రాష్ట్రంలో ఏ హైస్కూల్లోనైనా తరగతిలో మొదటి పది శాతంలో నిలిచిన ప్రతి పిల్లకూ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో నేరుగా సీటు. సరిహద్దు వెంట ఉన్న పేద ఊరి హైస్కూలు మొదటి పది శాతం, హ్యూస్టన్ పక్కన సంపన్నుల పేట మొదటి పది శాతం, రెండూ ఒకటే. గదిలో పక్కన కూర్చున్నవాళ్లతో పోల్చి కొలువు, పక్క ఊరి గదితో పోల్చకు అన్నది సూత్రం. దాన్ని తట్టుకోవడం ఆస్టిన్‌కు కష్టమైంది. వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. 2009లో ఆ ఒక్క క్యాంపస్‌కు మినహాయింపు ఇచ్చి, నాలుగింట మూడు వంతుల సీట్లు మాత్రమే ఈ దారిన నింపేలా సవరించారు. అప్పటి నుంచి అక్కడ పది శాతం తగ్గుతూ వచ్చింది.

డాలస్ శివార్లలో తెలుగు కుటుంబాల విందుల్లో ఈ చట్టం ప్రస్తావన వస్తే వేడెక్కుతుంది. అందరూ ఇంజనీర్ల పిల్లలే ఉన్న హైస్కూల్లో ఆ మొదటి కొద్ది శాతంలోకి రావడం ఎంత కష్టమో చెప్తారు, మా అమ్మాయి వేరే ఊరి బడిలో ఉంటే ఫస్టు వచ్చేదని వాపోతారు. తప్పేం లేదు, వాళ్ల బాధ వాళ్లది. అదే మనిషి కరీంనగర్ జిల్లా పరిషత్ బడిలో పది రాసి ఉంటే 0.4 వైపు నిలబడేవాడు, అంతే.

గేటు దగ్గర పని అయిపోయినంత మాత్రాన అయిపోలేదని టెక్సస్‌కు ముందుగా తెలిసింది. ఆస్టిన్‌లో డేవిడ్ లాడ్ అనే కెమిస్ట్రీ ప్రొఫెసర్ మొదటి ఏడాది పిల్లలకు పెద్ద హాల్లో పాఠం చెప్పేవాడు. వందల మంది. టర్ము చివర గ్రేడ్లు చూస్తే రెండు గుంపులు కనబడేవి. ఒక గుంపు పైన, ఒక గుంపు కింద, మధ్యలో పలుచగా కొందరు. కింది గుంపులో ఎవరున్నారని రికార్డులు తీస్తే: తక్కువ ఆదాయం, కాలేజీ చదవని తల్లిదండ్రులు, ప్రవేశ పరీక్షలో తక్కువ మార్కులు. రియో గ్రాండే లోయ నుంచి వచ్చిన హిస్పానిక్ పిల్లలు, నగరాల నుంచి నల్లజాతి పిల్లలు, పశ్చిమ టెక్సస్ పల్లెల నుంచి తెల్ల పిల్లలు కూడా.

మామూలుగా ఇలాంటి చోట విశ్వవిద్యాలయాలు చేసేది ఒకటే. వెనకబడినవాళ్ల కోసం తేలిక పాఠం, రెమెడియల్ క్లాసు. లాడ్ ఆ దారి పట్టలేదు. 1999లో అలాంటి 50 మందిని వేరు చేసి చిన్న తరగతి పెట్టాడు. పాఠం అదే, పుస్తకం అదే, పరీక్ష కాగితం అదే. మార్చింది చుట్టూ ఉన్న ఏర్పాట్లు. తరగతి చిన్నది, ప్రొఫెసర్‌కు పేర్లు తెలుస్తాయి. వారానికి రెండు గంటలు అదనం. సీనియర్లు మెంటర్లుగా. సలహాదారులు ప్రతి పిల్లనూ దగ్గరుండి కనిపెట్టుకుని, వెనకబడితే చేయందించాలి. మీరు వెనకబడ్డారు కాబట్టి ఇక్కడ కూర్చోబెట్టాం అనలేదు, ఏరి తెచ్చిన బృందమని చెప్పాడు. ప్రవేశ పరీక్షలో మిగతావాళ్ల కంటే సగటున 200 పాయింట్లు వెనక ఉన్న ఆ 50 మంది, టర్ము చివర పెద్ద హాలు వాళ్లతో సమానంగా గ్రేడ్లు తెచ్చుకున్నారు.

లాడ్ కంటే ముందే ఇలాంటి పని ఇంకా నిశితంగా చేసినవాడు యూరీ ట్రైస్‌మన్. 1970ల్లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో పరిశోధక విద్యార్థి. కాలిక్యులస్‌లో నల్లజాతి పిల్లలు ఎందుకు తప్పుతున్నారో తేల్చుకోవాలనుకున్నాడు. కారణాలు అధ్యాపకులను అడిగితే నాలుగు చెప్పారు: శ్రద్ధ లేదు, పునాది లేదు, ఇంటి నుంచి ప్రోత్సాహం లేదు, డబ్బు లేదు. ఆయన ఆ కాగితాన్ని నమ్మి కూర్చోలేదు. 20 మంది నల్లజాతి పిల్లలను, 20 మంది చైనా మూలాలున్న పిల్లలను ఎంచుకుని నెలల తరబడి వాళ్లు చదువుకునే చోటల్లా తిరిగాడు. నాలుగు కారణాల్లో ఒక్కటీ నిలవలేదు. నిలిచింది ఇంకోటి. క్లాసు ఒక గంటకు ఇంట్లో రెండు గంటలు చదవాలని చెప్పిన మాటను నల్లజాతి పిల్లలు తు.చ. తప్పకుండా పాటించారు, వారానికి ఎనిమిది గంటలు, ఒంటరిగా, తలుపేసుకుని. చైనా పిల్లలు దాదాపు 14 గంటలు. అందులో కొంత భాగం నలుగురూ కూడి, ఒకరి లెక్క ఒకరు దిద్దుకుంటూ, తిండి దగ్గర కూడా అదే వాదన.

ఆయన తయారు చేసిన మందు వర్క్‌షాపు. దాని గుండెకాయ ఒక ప్రశ్నల కాగితం. అందులోని లెక్కలు తేలికవి కావు, క్లాసులో ఇచ్చేవాటి కంటే కష్టమైనవి. కొన్ని పాత పరీక్షల్లోంచి. కొన్ని పునాదిలో ఏ ఇటుక వదులైందో బయటపెట్టడానికి కావాలని పెట్టినవి. ఒంటరిగా తెగనంత కష్టంగా ఉంటాయి కాబట్టి పిల్లలు పక్కవాళ్లను అడగక తప్పదు. స్నేహంగా ఉండండి, గుంపుగా చదవండి అని ఆయన ఎవరికీ చెప్పలేదు. లెక్కే ఆ పని చేసింది. చేరమని పిలిచింది కూడా తెలివైనవాళ్ల బృందంగానే. కాలిక్యులస్‌లో తప్పడం అనే సమస్య ఆ గదిలో దాదాపు మాయమైంది. 1988లో ఆస్టిన్‌లోనూ ఇలాంటి కార్యక్రమం మొదలైంది, హిస్పానిక్ పిల్లలు ఎక్కువగా ఉన్న చోట. 0.4లో కనిపించే చేతి నేర్పే ఆ ప్రశ్నల కాగితంలోనూ కనిపిస్తుంది. అడ్డు ఎక్కడుందో వెళ్లి చూడడం, అక్కడే, అంతే మేరకు చేయి పెట్టడం.

ఇప్పుడు బాసర లోపలికి పోదాం. ఇక్కడ నా మెచ్చుకోలు కాస్త తగ్గుతుంది.

రాజ్ రెడ్డి ఊహించిన తరగతి గది అప్పటి భారతదేశానికి కొత్త. చేరిన ప్రతి పిల్లకూ ల్యాప్‌టాప్. మంచి అధ్యాపకుల పాఠాలు రికార్డు చేసి పెట్టాలి, పిల్లలు తమ వేగంతో చూడాలి, పక్కన ఉండే మెంటర్లు సందేహాలు తీర్చాలి. 2008 నాటికి పల్లెటూళ్లలో ల్యాప్‌టాప్ అనేది బ్యాంకు మేనేజరు బల్ల మీద కనబడే వస్తువు. జీవితంలో మొదటిసారి కీబోర్డు ముట్టుకున్న పదిహేనేళ్ల పిల్లలు వేల మంది ఒకేసారి. మొదట్లో ఒక్కో క్యాంపస్‌కు ఏడాదికి రెండు వేల మంది, తర్వాత వెయ్యికి తగ్గించారు. వాళ్లలో ఎక్కువమంది పదేళ్లు తెలుగు మీడియంలో చదివినవాళ్లు. పీయూసీ అంతా ఇంగ్లీషు. చదువు వదిలేసి వెళ్లిపోకుండా పట్టి ఉంచిన అంశాలు కొన్ని ఉన్నాయి. క్యాంపస్‌లోనే వసతి, పక్క మంచం మీద తనలాగే తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్ల. ఇది చిన్న విషయం అనిపించవచ్చు. ట్రైస్‌మన్ చూసిన ఒంటరి తలుపు ఇక్కడ మొదటి నుంచీ లేదు. వేరే కాలేజీలో ఇంగ్లీషు రాని పిల్ల తరగతిలో ఒక్కతే అయి నోరు మూసుకుంటుంది. ఇక్కడ తరగతి తరగతంతా అదే స్థితి, కాబట్టి సిగ్గు పడాల్సిన పని తప్పింది. ఆరేళ్ల చదువులో మొదటి రెండేళ్లు ఆ మార్పుకు కేటాయించడం అసలు ప్లానులోనే ఉంది. లాడ్ వారానికి రెండు గంటలిస్తే, వీళ్లు రెండేళ్లిచ్చారు.

కానీ రికార్డు చేసిన పాఠం పిల్ల మొహం చూడలేదు. అర్థం కాలేదని ఆ మొహంలో తెలిసినప్పుడు ఆగి మళ్లీ చెప్పే మనిషి కావాలి. ఆ మనిషిని అట్టే పెట్టుకోవడం దగ్గరే బాసర వెనకబడింది. రాష్ట్రం విడిపోయాక బాసర ఒంటరిదైంది, రెగ్యులర్ వైస్ ఛాన్సలర్ లేకుండా ఇన్‌ఛార్జీల చేతుల్లో ఏళ్లు గడిచాయి. 2022 జూన్‌లో వేలమంది విద్యార్థులు తరగతులు మానేసి మెయిన్ గేటు దగ్గర బైఠాయించారు. ఎండలో, వానలో, దాదాపు వారం. డిమాండ్ల జాబితాలో వైస్ ఛాన్సలర్ కావాలన్నది, అధ్యాపకులను నియమించాలన్నది, ల్యాప్‌టాప్‌లు ఇవ్వాలన్నది ఉన్నాయి. 2008 నాటి వాగ్దానాన్నే 2022 పిల్లలు తిరిగి అడిగారు. చివరికి అప్పటి విద్యాశాఖ మంత్రి సబితా ఇంద్రారెడ్డి క్యాంపస్‌కు వెళ్లి మాట్లాడాక విరమించారు.

ఆ ధర్నాలో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. అది తిట్ల దండకంలా సాగలేదు. డిమాండ్లు వరుసగా, ఒక్కొక్కటీ స్పష్టంగా ఉన్నాయి. పదో తరగతి తర్వాత ఇంటి గడప దాటి వచ్చిన జిల్లా పరిషత్ బడి పిల్లలు ప్రభుత్వంతో కూర్చుని ఒక్కో అంశం మీద మాట్లాడారు. ఈ సంస్థ ఏం తయారు చేస్తోందన్నదానికి ప్లేస్‌మెంట్ల పట్టిక కంటే అది మంచి రుజువు అనుకుంటాను.

ఇక గేటు దగ్గరికే తిరిగి పోవాల్సిన పని ఒకటి పడింది. 2021లో కోవిడ్ వల్ల పది పరీక్షలు జరగలేదు. అప్పుడు బాసర సీట్లకు పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ ర్యాంకు చూశారు. అంటే ప్రవేశ పరీక్ష ఏది వద్దనుకుని ఆ గేటు కట్టారో, అదే ఆ ఏడాది దాని తాళం చెవి అయింది. అది ఒక్క ఏడాది ముచ్చట, తప్పనిసరి. అంతకంటే పెద్ద మార్పు తర్వాత వచ్చింది. తెలంగాణ పదో తరగతి ఫలితాల్లో 2025 నుంచి జీపీఏ పోయి మార్కులు తిరిగి వచ్చాయి.

జీపీఏలో 91కీ 100కీ తేడా లేదు, రెండూ ఏ1. అందువల్ల ప్రైవేటు బడులు ప్రతి సబ్జెక్టులో 98, 99 పిండే బట్టీకి ఒక హద్దు ఉండేది. 91 దాటాక ఎంత పిండినా లాభం లేదు. సర్కారు బడి పిల్ల 92తో ఆగినా ఇబ్బంది లేదు. మార్కుల్లో ఆ హద్దు ఉండదు. 600 మార్కుల మీద అదే నాలుగు శాతం వేస్తే 24 వస్తుంది. అన్నిట్లో 92 చొప్పున తెచ్చుకున్న సర్కారు బడి పిల్లకు 552. 24 కలిపితే 576. అన్నిట్లో 97 తెచ్చుకున్న ప్రైవేటు బడి పిల్లకు 582. గ్రేడ్ల కాలంలో వీళ్లిద్దరికీ పదే, 0.4తో మన పిల్ల 10.4 దగ్గర తేలికగా ముందుండేది. ఇప్పుడు అదే పిల్ల ఆరు మార్కులు వెనక. రెండు సబ్జెక్టులను మన్నించిన అంకె మార్కుల్లోకి మారాక సబ్జెక్టుకు నాలుగు మార్కులను మాత్రమే మన్నిస్తుంది. పాత అంకెను అలాగే మార్కుల్లోకి తర్జుమా చేస్తే బలం సగం కూడా మిగలదు. ఆ 24 చోట ఎంత కావాలో కొత్తగా తేలాలి. అందుకు రాష్ట్రంలోని సర్కారు బడుల పది మార్కులు, ప్రైవేటు బడుల పది మార్కులు పక్కపక్కన పరిచి, ఒక సబ్జెక్టులో టీచరు లేకపోతే పిల్లకు సగటున ఎన్ని మార్కులు పోతున్నాయో తీయాలి. పరీక్షల బోర్డు దగ్గర ఆ మార్కులున్నాయి, విద్యాశాఖ దగ్గర ఖాళీల జాబితా ఉంది.